జీవుని పరిమాణం ఎంత?

దేహంలో ఉండే జీవుని పరిమాణం ఎంత అనే ప్రశ్నపై భారతీయ దార్శనికులు శతాబ్దాలపాటు వాదించారు. బ్రహ్మసూత్రాల రెండవ అధ్యాయం మూడవ పాదంలో ఈ ప్రశ్నకే ఒక అధికరణం, అనగా ఒక విషయాన్ని పూర్వపక్ష సిద్ధాంతాలతో విచారించే భాగం, కేటాయించి ఉంది. రామానుజులు, మధ్వాచార్యులు జీవుడు అణువంత సూక్ష్ముడని నిర్ణయించగా, శంకరులు ఆత్మ సర్వవ్యాపకమని, అణుత్వం కేవలం బుద్ధి అనే ఉపాధి వల్ల కలిగిన వ్యవహారమని అన్నారు. నైయాయికులు కూడా ఆత్మను విభువుగా, అంటే అంతటా వ్యాపించినదిగా అంగీకరించి, మనస్సును మాత్రం అణువని చెప్పారు. జైనులు ఈ రెండు కొసలనూ కాదని, జీవుడు తానున్న దేహమంత ఉంటాడని, చిన్న గదిలో పెట్టిన దీపపు వెలుగు ఆ గదిమేరకు, పెద్ద గదిలో పెట్టినప్పుడు ఆ గదిమేరకు పరచుకున్నట్టుగా దేహాన్నిబట్టి సంకోచ వికాసాలు పొందుతాడని బోధించారు.

ఈ మూడు పక్షాలూ జీవుని పరిమాణాన్ని విచారించే సందర్భంలో దేహపరిమాణాన్ని చాలావరకు సిద్ధవస్తువుగా తీసుకున్నాయి. చీమ చిన్నది, ఏనుగు పెద్దది అన్నది అందరికీ తెలిసిన సంగతే గనుక అక్కడి నుంచే వాదం మొదలైంది. అయితే దేహానికి మితి ఎందుకు ఉండాలి, బతికే వస్తువు ఉన్న ఆకారంలోనే ఎంతకైనా ఎందుకు పెరగలేదు అనే ప్రశ్నను కూడా ఈ విచారణలో చేర్చితే, జీవునికీ పరిమాణానికీ ఉన్న సంబంధం కొత్త వెలుగులో కనిపిస్తుంది. కణశాస్త్రం ఆ ప్రశ్నకు ఇచ్చే సమాధానం రేఖాగణితంలోని ఒక చిన్న లెక్కపై నిలిచి ఉంది. ఆ లెక్కను జాగ్రత్తగా అనుసరించినవారికి, మితి అనేది జీవానికి బయటి నుంచి తగిలిన లోపమని అనిపించదు. తనకు వెలుపల ఉన్నదాన్ని గ్రహించి బతికే ప్రతి వస్తువుకూ అది స్వరూపంలోనే భాగమని తోస్తుంది. ఈ వ్యాసం ప్రతిపాదించేది అదే.

పరిమాణాన్ని పదార్థం నుంచి వేరుచేసి, ఒక గుణంగా విచారించే పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. 17వ శతాబ్దంలో తర్కసంగ్రహాన్ని రచించిన ఆంధ్రుడైన అన్నంభట్టు, న్యాయవైశేషికాలు అంగీకరించిన 24 గుణాలలో పరిమాణాన్ని ఒకటిగా లెక్కించి, అణువు, మహత్తు, దీర్ఘం, హ్రస్వం అని దాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. వైశేషికులు మరికొంత ముందుకు వెళ్లి, పెద్దతనం ఎలా పుడుతుందని కూడా అడిగారు. పరమాణువులు రెండు కలిస్తే ద్వ్యణుకం, ద్వ్యణుకాలు మూడు కలిస్తే త్ర్యణుకం ఏర్పడుతుందని, కంటికి కనిపించే పెద్దతనం త్ర్యణుకంతోనే మొదలవుతుందని, ఆ పెద్దతనానికి కారణం భాగాల సూక్ష్మ పరిమాణం కాక వాటి సంఖ్యేనని వారు నిర్ణయించారు. సూక్ష్మాన్ని ఎంత సాగదీసినా స్థూలం కాదని, సూక్ష్మాలు అనేకమైతేనే స్థూలం పుడుతుందని ఈ సిద్ధాంతపు సారాంశం. ఇది కణాల గురించి చెప్పిన మాట కాకపోయినా, కణాల విషయంలో ఈ మాటకు ఎంత దగ్గరి సంగతి నిజమైందో ముందు ముందు తెలుస్తుంది.

ఈ విచారణకు అత్యంత అనువైన సాక్ష్యం సౌదీ అరేబియా తూర్పుతీరంలో, అల్ ఖోబర్ నగరం ఉన్న నేలలోనే దొరుకుతుంది. దమ్మామ్, ధహ్రాన్, అల్ ఖోబర్ నగరాలు ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న ఈ ప్రాంతంలో, భూగర్భంలోని ఉప్పు పొరలు పైకి ఉబికి రావడం వల్ల పై రాతిపొరలు గుమ్మటంలా లేచాయి. భూవిజ్ఞానులు దమ్మామ్ డోమ్ అని పిలిచే ఈ ఎత్తులోనే 1938 మార్చిలో ఏడవ నంబరు బావి నుంచి వాణిజ్య పరిమాణంలో చమురు వెలువడి, ముత్యాల వేటపైనా చేపల వేటపైనా బతికిన తీరపు ఊళ్ల జీవితాన్ని సమూలంగా మార్చివేసింది. చమురు లభించింది చాలా లోతున ఉన్న జురాసిక్ కాలపు సున్నపురాళ్లలో కాగా, పైభాగాన బయటికి కనిపించే రాళ్లు అంతకంటే ఎంతో తరువాతివి. ఇయోసీన్ అనే యుగంలో, అంటే సుమారు 5 కోట్ల 60 లక్షల ఏళ్ల నుంచి 3 కోట్ల 40 లక్షల ఏళ్ల వెనకటి మధ్యకాలంలో, వెచ్చని లోతులేని సముద్రపు అడుగున ఏర్పడిన ఆ రాతిసముదాయాన్ని దమ్మామ్ ఫార్మేషన్ అంటారు. దాన్ని మిద్రా, సైలా, ఆల్వియోలినా సున్నపురాయి, ఖోబర్, అలాత్ అని ఐదు విభాగాలుగా గుర్తించారు. నగరం పేరే ధరించిన ఖోబర్ విభాగం భూగర్భజలాన్ని నిలువచేసుకునే రాతిపొరగా కూడా ఆ ప్రాంతవాసులకు చిరకాలం ఉపయోగపడింది.

ఖోబర్ విభాగపు రాళ్లలో నుమ్యులైట్లు అనే జీవుల శిలాజాలు ఉన్నాయి. దాని కిందనున్న ఆల్వియోలినా సున్నపురాయికి ఆ పేరు రావడానికి అలాంటి మరొక జీవి శిలాజాలే కారణం. ఇవి రెండూ ఫొరామినిఫెరా అనే వర్గానికి చెందినవి. ఫొరామినిఫెరా అంటే సున్నపు గుల్లను కట్టుకొని, ఆ గుల్లలోని రంధ్రాల గుండా దారాలవంటి మిథ్యాపాదాలను, అంటే జీవపదార్థం తాత్కాలికంగా చాచే వేళ్లను, బయటికి పంపి ఆహారం పట్టుకునే ఏకకణజీవులు. సాధారణంగా కణాన్ని చూడడానికి సూక్ష్మదర్శిని అవసరం కాగా, నుమ్యులైట్లలో అనేక జాతులు కంటికి సులువుగా కనిపించే నాణేలంత పెరిగాయి. ప్రపంచంలోని ఇతర ప్రాంతాలలో దొరికిన కొన్ని జాతుల గుల్లలు 10 సెంటీమీటర్లు దాటి ఉన్నాయి. ఈజిప్టులో గీజా పిరమిడ్లు కట్టిన సున్నపురాయి కూడా వీటితో నిండినదే. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో ఆ చోటును చూసిన గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో, అక్కడ పడివున్న పప్పు బద్దలవంటి రాళ్లు పూర్వం పనివారు తినగా మిగిలిన ఆహారమే గట్టిపడి అలా అయ్యాయని స్థానికులు చెప్పుకుంటారని రాశాడు. కణానికి పరిమాణపు హద్దు ఉందని శాస్త్రం చెబుతుండగా, ఒక్క కణం అరచేయంత ఎలా పెరిగిందనే ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా ఆ హద్దు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి ఆరు ముఖాలు కలిపి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు, ఘనపరిమాణం 1 ఘన సెంటీమీటరు. భుజాన్ని రెండింతలు చేస్తే వైశాల్యం 24కు, ఘనపరిమాణం 8కి చేరుతుంది. పదింతలు చేస్తే వైశాల్యం 600 కాగా ఘనపరిమాణం 1000 అవుతుంది. అంటే లోపలి ఒక్కొక్క ఘన సెంటీమీటరుకు మొదట 6 చదరపు సెంటీమీటర్ల పైభాగం ఉండగా, తరువాత 3, చివరికి 0.6 మాత్రమే మిగిలాయి. ఆకారం మారకుండా వస్తువు పెరిగినప్పుడు పైభాగం పొడవు వర్గాన్ని అనుసరించి, లోపలి భాగం పొడవు ఘనాన్ని అనుసరించి పెరగడమే దీనికి కారణం. గోళానికీ ఇదే న్యాయం వర్తిస్తుంది. దాని వైశాల్యానికీ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తి, మూడును వ్యాసార్ధంతో భాగించగా వచ్చేదే గనుక, వ్యాసార్ధం పెరిగేకొద్దీ అది తప్పనిసరిగా తగ్గుతుంది. గెలీలియో 1638లో ప్రచురించిన గ్రంథంలో ఈ న్యాయాన్ని ఆధారంగా చేసుకొని, పెద్ద జంతువు ఎముకలు చిన్న జంతువు ఎముకల నమూనాలోనే పెద్దవైతే సరిపోవని, అంతకంటే లావెక్కాలని నిరూపించాడు.

కణం విషయంలో ఈ నిష్పత్తి జీవన్మరణ సమస్య అవుతుంది. కణానికి కావలసిన ప్రాణవాయువు, ఆహారపు అణువులు దాని చుట్టూ ఉన్న కణత్వచం అనే పలుచని పొర గుండానే లోపలికి రావాలి, వ్యర్థాలు కూడా దాని గుండానే బయటికి పోవాలి. కావలసిన మొత్తాన్ని లోపలి ఘనపరిమాణం నిర్ణయిస్తుంది, రాగలిగిన మొత్తాన్ని పొర వైశాల్యం నిర్ణయిస్తుంది. దీనికి తోడు, పొర దాటిన అణువు లోపలికంటా చేరడానికి విసరణ అనే ప్రక్రియపై, అంటే అణువులు తమ సహజమైన చలనం వల్ల ఎక్కువ సాంద్రత గల చోటు నుంచి తక్కువ సాంద్రత గల చోటికి వ్యాపించడంపై ఆధారపడాలి. విసరణకు పట్టే కాలం దూరంతో సమానంగా కాక, దూరం వర్గంతో పెరుగుతుంది. నీటిలో ప్రాణవాయువు అణువు పది మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు దూరం వ్యాపించడానికి సెకనులో నలభయ్యో వంతు చాలు. ఒక మిల్లీమీటరుకు సుమారు నాలుగు నిమిషాలు, ఒక సెంటీమీటరుకు సుమారు ఏడు గంటలు పడుతుంది. పెద్ద దుంపను అలాగే ఉడకవేస్తే పైన మెత్తబడినా నడుమ పచ్చిగా ఉండిపోయినట్టు, ఆకారం మారకుండా ఉబ్బిన కణానికి అంచున ఆహారం ఉన్నా నడుమ ఆకలి మిగులుతుంది. అందువల్లనే చాలా కణాలు కొన్ని మైక్రోమీటర్ల నుంచి నూరు మైక్రోమీటర్లలోపే ఉండి, అంతకు మించి పెరగవలసి వచ్చినప్పుడు రెండుగా చీలిపోతాయి.

ఈ సంగతిని వైశేషికుల సూత్రంతో పోల్చి చూడడం ప్రయోజనకరం. ఏనుగు కాలేయకణానికీ ఎలుక కాలేయకణానికీ పరిమాణంలో చెప్పుకోదగ్గ వ్యత్యాసం లేదు. ఏనుగు పెద్దతనం దాని కణాల సంఖ్య నుంచి వచ్చింది. మానవ దేహంలోనూ సుమారు 30 లక్షల కోట్ల కణాలు ఉన్నాయని నేటి అంచనా. పది సెంటీమీటర్ల భుజం గల ఘనాన్ని ఒక్కొక్క సెంటీమీటరు ఘనాలుగా విడదీస్తే లోపలి పదార్థం ఏమాత్రం పెరగకుండానే పైభాగం 600 నుంచి 6000 చదరపు సెంటీమీటర్లకు పెరుగుతుందన్న లెక్కలో ఈ ఏర్పాటుకు కారణం కనిపిస్తుంది. పరమాణువుకూ కణానికీ స్వభావంలో ఎంతో భేదం ఉంది గనుక ఇది ప్రాచీనులు కణాలను ఎరుగుదురనడానికి ఆధారం కానేరదు. అయినా స్థూలం పుట్టుకకు సంఖ్యే కారణమన్న వారి తర్కం, వారు ఊహించని రంగంలో, వారు చెప్పని కారణంచేత, జీవదేహానికి అన్వయిస్తున్నదని చెప్పడంలో అత్యుక్తి లేదు.

విభజన ఒక మార్గమైతే, ఆకారం మార్చుకోవడం మరొక మార్గం. మనిషి రక్తంలోని ఎర్రకణం గోళంగా కాక రెండువైపులా నొక్కిన బిళ్లలా ఉండడం వల్ల, అంతే ఘనపరిమాణం గల గోళం కంటే దానికి సుమారు 40 శాతం ఎక్కువ పైభాగం దొరుకుతుంది. నాడీకణం మీటరు పొడవు సాగినా దాని తంతువు అతి సన్నగా ఉంటుంది గనుక లోపలి ఏ బిందువూ పొరకు దూరం కాదు. గ్వాడెలూప్ దీవిలోని మడ అడవుల్లో దొరికి, 2022లో శాస్త్రలోకానికి పరిచయమైన థయోమార్గరిటా మాగ్నిఫికా అనే బాక్టీరియా సుమారు ఒక సెంటీమీటరు పొడవు ఉంటుంది. అయితే దాని లోపల దాదాపు నాలుగింట మూడు వంతులను ద్రవంతో నిండిన రిక్తిక అనే సంచి ఆక్రమించగా, పనిచేసే జీవపదార్థం అంచున పలుచని పొరగా ఉంటుంది. భారతదేశానికి 1957లో తరలివచ్చి ఇక్కడి పౌరసత్వం స్వీకరించిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్, 1926లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో, జంతువుల శరీరనిర్మాణ చరిత్రలో ఎక్కువభాగం ఘనపరిమాణానికి తగినంత ఉపరితలాన్ని సంపాదించుకోవడానికి చేసిన ప్రయాసేనని వివరించాడు.

నుమ్యులైట్లు ఈ ప్రయాసను ఏకకణజీవులలో చివరి అంచుదాకా తీసుకువెళ్లాయి. రెండు సెంటీమీటర్ల వ్యాసం, రెండు మిల్లీమీటర్ల మందం గల బిళ్లను ఊహించి లెక్కిస్తే, దాని పైభాగం సుమారు 7.5 చదరపు సెంటీమీటర్లు ఉంటుంది. అంతే ఘనపరిమాణం గల గోళానికి ఉండేది 3.5 మాత్రమే. పైభాగం రెండింతలే పెరిగినా, అసలు లాభం దూరంలో ఉంది. గోళంలో కేంద్రబిందువు పైభాగానికి 5 మిల్లీమీటర్లకు మించిన దూరంలో ఉండగా, బిళ్లలో ఏ బిందువూ ఒక మిల్లీమీటరుకు మించి దూరంగా ఉండదు. విసరణకాలం దూరపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, గోళం నడిబొడ్డుకు చేరడానికి పట్టే కాలంలో 28వ వంతులోనే బిళ్ల నడిబొడ్డుకు ప్రాణవాయువు చేరుతుంది. దీనికి పైన, నుమ్యులైటు గుల్ల లోపల సర్పిలంగా తిరిగే వందల గదులుగా విభజింపబడి ఉంది. గోడలను సన్నని రంధ్రాలు, నాళాలు చీల్చుకొని వెలుపలితో కలుపుతాయి. నేడు బతికి ఉన్న బంధుజాతులలో డయాటమ్‌లు అనే సూక్ష్మ శైవలాలు గుల్ల గోడల దగ్గర నివసిస్తూ, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అతిథేయి కణంతో పంచుకుంటాయి. పెద్ద రూపాలలో ఒకటికి మించిన కేంద్రకాలు కూడా ఉండి, కణపు పనుల అధికారాన్ని దేహమంతటా పంచుతాయి. ఆల్వియోలినా మరొక దారి పట్టింది. రెండు కొసలూ సన్నబడిన కండె ఆకారంలో ఉంటూ, తన దేహాన్ని అసంఖ్యాకమైన చిన్న అరలుగా పంచుకుంది. ఈ వంశపరంపర అరేబియా సింధుశాఖలో నేటికీ తెగిపోలేదు. లోతు తక్కువ, ఉప్పు ఎక్కువ గల ఆ తీరజలాలలో పెనెరోప్లిస్ అనే ఫొరామినిఫెరా తన గుల్లలో ఎర్ర శైవలాలకు చోటిచ్చి బతుకుతున్నది.

వీటన్నిటినీ కలిపి చూస్తే, కణానికి ఉన్న హద్దు గురించి సాధారణంగా చెప్పుకునే మాటను సవరించుకోవాలి. ప్రకృతి ఇంతకు మించి పెరగరాదని ఒక కొలత గీసి నిలబెట్టలేదు. లోపల పెరిగినదంతా వెలుపలితో సంబంధం నిలుపుకోవాలని మాత్రమే విధించింది. ఆ నియమాన్ని పాటించిన కణం అరచేయంత కాగలిగింది, పాటించనిది మిల్లీమీటరు కూడా దాటలేదు. మితి కొలతలో లేదని, సంబంధంలో ఉందని దీని తాత్పర్యం.

ఇక్కడ ఒక తాత్త్విక భేదాన్ని గమనించాలి. ఈ హద్దులో రెండు వేర్వేరు నియమాలు కలిసి ఉన్నాయి. ఆకారం మారకుండా పెరిగే వస్తువులో వైశాల్యానికీ ఘనపరిమాణానికీ ఉన్న నిష్పత్తి తగ్గుతుందన్నది రేఖాగణిత సత్యం. నీరు, కణం, ప్రాణం లేని లోకంలోనూ అది అంతే. ఆ తగ్గుదల వల్ల కణం ఆకలితో నశిస్తుందన్నది మాత్రం ఈ లోకంలోని నీటి స్వభావంపైన, ఉష్ణోగ్రతపైన, అణువుల వేగంపైన ఆధారపడిన భౌతిక సత్యం. ఇస్లామిక చింతనలో ఈ రెంటి నడుమ ఉన్న గీతపై గొప్ప చర్చ నడిచింది. అల్ గజాలీ 1095 ప్రాంతంలో పూర్తిచేసిన తన ఖండనగ్రంథంలో, నిప్పు తగిలితే దూది కాలడం వాటి మధ్య ఉన్న తప్పనిసరి సంబంధం వల్ల కాదని, దైవేచ్ఛ అలా కొనసాగడం వల్లనేనని, ఈశ్వరుడు తలచుకుంటే అది వేరుగా కూడా జరగవచ్చునని వాదించాడు. అదే చోట, ఒకే విషయం ఒకే సమయంలో ఉండడం, లేకపోవడం వంటి తర్కవిరుద్ధమైన అసంభవాలు మాత్రం శక్తి పరిధిలోకి వచ్చేవి కావని అంగీకరించాడు. తరువాతి శతాబ్దంలో ఇబ్న్ రుష్ద్ ఆ గ్రంథాన్ని ఖండిస్తూ, వస్తువులకు స్వభావాలు లేవంటే జ్ఞానానికే ఆధారం ఉండదని బదులిచ్చాడు. కణపు మితి ఈ ఇద్దరి వాదాలు కలిసే చోట నిలిచి ఉంది. దానిలోని రేఖాగణిత భాగాన్ని గజాలీ కూడా కాదనడు. భౌతిక భాగాన్ని దైవసంకల్పమనీ, వస్తుస్వభావమనీ ఎవరికి తగినట్టు వారు అర్థం చేసుకోవచ్చు.

ఖురాన్‌లోని 54వ అధ్యాయం సృష్టిలోని ప్రతిదీ ఒక మితిని అనుసరించి సృజింపబడిందని బోధిస్తుంది. అరిస్టాటిల్ తన ఆత్మవిచార గ్రంథపు రెండవ భాగంలో, ఇంధనం ఉన్నంతకాలం నిప్పు హద్దు లేకుండా పెరుగుతుందని, ప్రాణంతో కూడిన వస్తువుల పెరుగుదలకు మాత్రం ఒక మేర, ఒక అనుపాతం ఉంటాయని, ఆ అనుపాతాన్ని నిలిపేది ఆత్మేనని చెప్పి, పెరుగుదల ఒక్కటే జీవలక్షణం కాదని స్పష్టం చేశాడు. ఈ బోధలను కణపు లెక్కతో ముడిపెట్టి, ఇదిగో దైవరచనకు రుజువు అనడం తొందరపాటే అవుతుంది. వైశాల్యపు లెక్క చాలునని, మరే అర్థానికీ చోటు లేదని అనడం కూడా అంతే తొందరపాటు. లెక్క చెప్పగలిగింది మితి ఎలా పనిచేస్తుందన్నది మాత్రమే. ఆ మితిని ఎలా గౌరవించాలన్నది మతాలూ దర్శనాలూ నేర్పవలసిన విషయం.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి రావచ్చు. జైనుల దేహపరిమాణవాదాన్ని బ్రహ్మసూత్రాలు ఖండించినప్పుడు శంకరుల వివరణలో ముఖ్యమైన ఆక్షేపణ ఇది: మనుష్యదేహమంత ఉన్న జీవుడు కర్మవశాన ఏనుగు దేహంలో పుడితే దాన్ని పూర్తిగా నింపలేడు, చీమ దేహంలో పుడితే అందులో ఇమడలేడు, సంకోచ వికాసాలు చెందుతాడంటే మార్పు చెందేది అనిత్యమవుతుంది గనుక ఆత్మ నిత్యత్వానికే భంగం కలుగుతుంది. ఈ వాదప్రతివాదాలలో ఇరుపక్షాలూ మౌనంగా అంగీకరించిన ఒక భావన ఉంది; చేతన దేహంలో ఉండడమంటే ఒక ద్రవ్యం ఒక పాత్రను నింపి ఉండడం వంటిదని ఆ భావన. అణువాదులు సైతం, హృదయస్థుడైన అణుజీవుడు దేహమంతటా కలిగే సుఖదుఃఖాలను ఎలా ఎరుగుతాడన్న ప్రశ్నకు బదులుగా, అతని జ్ఞానం దీపప్రభలా వ్యాపిస్తుందని చెప్పవలసి వచ్చింది.

కణశాస్త్రం ఆత్మ గురించి ఏమీ చెప్పలేదు, చెప్పాలని కోరడం కూడా న్యాయం కాదు. ప్రాణం గురించి మాత్రం అది చెప్పే మాట ఈ భావనను మార్చుకోమని కోరుతుంది. ప్రాణం దేహాన్ని నింపే ద్రవ్యమైతే పెద్ద దేహంలో అది పలచబడాలి, చిన్న దేహంలో చిక్కబడాలి. కాని ఏనుగులోని కణం ఎలుకలోని కణం కంటే పలుచగా బతకడం లేదు. ప్రతి కణంలోనూ ప్రాణవ్యాపారం తన పొర వద్ద, వెలుపలి నుంచి గ్రహించి వెలుపలికి ఇచ్చే క్రియలో, నిరంతరం జరుగుతూ ఉంటుంది. ఆ క్రియ ఆగితే అదే పరిమాణం, అదే పదార్థం ఉన్నా ప్రాణం ఉండదు. కాబట్టి ప్రాణస్థాయిలోనైనా, జీవుని ఉనికిని పొడవు వెడల్పులతో కొలవడం కంటే, తనది కానిదానితో ఎంత సంబంధం నిలుపుకోగలుగుతున్నాడన్న దానితో కొలవడం సమంజసం. తైత్తిరీయోపనిషత్తులో వరుణుని కుమారుడు భృగువు తపస్సు చేసి మొదట అన్నాన్ని, తరువాత ప్రాణాన్ని బ్రహ్మమని తెలుసుకొని, ఆపైన మనస్సు, విజ్ఞానం, ఆనందం దాకా వెళ్లిన క్రమంలో ఈ విషయానికి చోటు ఉంది. కణం బోధించేది ఆ క్రమంలోని మొదటి రెండు మెట్లను గురించే. అయితే ఆ ఉపనిషత్తు అన్నాన్ని తక్కువచేసి దాటిపొమ్మనలేదు, నిందించవద్దని వ్రతంగా విధించింది.

దీనిపై ఒక బలమైన ఆక్షేపణ రావచ్చు. వెలుపలిపై ఆధారపడడం పారతంత్ర్యమే గదా, మోక్షశాస్త్రాలు కోరేది ఏ అపేక్షా లేని పూర్ణత్వం గదా, అలాంటప్పుడు ఆధారపడడాన్ని జీవస్వరూపంగా కీర్తించడం బంధాన్ని కీర్తించడం కాదా అని అడగవచ్చు. దీనికి సమాధానం పూర్ణమనే భావనలోనే ఉంది. పూర్ణవస్తువుకు వెలుపల అంటూ మరొకటి ఉండదు. వెలుపల లేనిదానికి పైభాగం లేదు, పైభాగం లేనిదానికి ఈ లెక్క వర్తించదు. వామనుడు త్రివిక్రముడై బ్రహ్మాండమంతా నిండాడన్న భాగవత కథ దైవానికే చెల్లడానికి కారణం అదే; అంతా తానే అయినవాడు పెరగడానికి ఎవరి నుంచీ ఏమీ తీసుకోనక్కరలేదు. వెలుపల అంటూ ఒకటి ఉన్న ప్రతి వస్తువుకూ, అంటే సృష్టిలో ఉన్న ప్రతి జీవికీ, పూర్ణత్వాన్ని అనుకరించే దారి ఒక్కటే, తన హద్దును తెరిచి ఉంచడం. తన హద్దును మూసుకొని ఉబ్బడం ద్వారా స్వతంత్రం కావాలనుకున్న కణం లోపలి నుంచే చనిపోతుంది. ఈ అర్థంలో బంధమనేది ఆధారపడడంలో లేదు. ఆధారపడి ఉండి కూడా ఆధారపడలేదని తలచడంలో ఉంది, శాస్త్రాలు అహంకారమని పేరుపెట్టి విడవమన్నది ఆ తలపునే.

ఫొరామినిఫెరా జీవితపు ముగింపు కూడా ఈ మాటకు అనుగుణంగానే ఉంది. పెద్ద జాతులలో అలైంగిక సంతానోత్పత్తి జరిగేటప్పుడు తల్లికణంలోని జీవపదార్థమంతా పిల్లకణాలుగా విడిపోయి, ఒక్కొక్కటి తన చిన్న గుల్లతో బయటికి వెళుతుంది. వెనక మిగిలేది ఖాళీ గుల్ల ఒక్కటే. పెరిగిన ఘనపరిమాణం తిరిగి అనేక చిన్న ఉపరితలాలుగా మారిపోతుంది. ఖోబర్ విభాగపు రాతిలో నేడు కనిపించే నుమ్యులైట్లు అలా ఖాళీ అయిన గుల్లలతో, మరణించిన కణాలు విడిచిన గుల్లలతో ఏర్పడినవే. మహాకాయమైన ఆ కణాలు తమ పెద్దతనాన్ని వెచ్చని, తేటనీటి, లోతులేని సముద్రాలకు, తమలో నివసించే సహచరులకు అందే వెలుతురుకు ముడిపెట్టుకున్నాయి. ఇయోసీన్ మధ్యభాగం ముగిసి సముద్రాలు చల్లబడుతున్న కాలంలో అతిపెద్ద జాతులు చాలావరకు అంతరించిపోగా, వాటి వర్గంలోని చిన్న జీవులు నేటికీ ప్రపంచ సముద్రాలన్నిటా ఉన్నాయి.

కాబట్టి జీవుని పరిమాణాన్ని విచారించేవారు అణువా, మహత్తా అన్న రెండు మాటల మధ్యనే ఆగిపోకూడదు. కొలతలో చిన్నదైనంత మాత్రాన ఏ జీవీ అల్పం కాదు, పెద్దదైనంత మాత్రాన అధికం కాదు. తనలో చేర్చుకున్నదానికి తగినంతగా తనను బయటికి తెరవగలిగిన మేరకే దేనికైనా పెరిగే అర్హత ఉంటుంది. ధనం విషయంలోనైనా, విద్య విషయంలోనైనా, మతసంస్థల విషయంలోనైనా పెరుగుదలను మాత్రమే శ్రేయస్సుగా ఎంచేవారు ఈ నియమాన్ని గుర్తించి, కూడబెట్టిన ప్రతి కొత్త పాలుతో పాటు ఇచ్చిపుచ్చుకునే హద్దును కూడా విస్తరించుకోవాలి. మితిని శాపంగా భావించి దుఃఖించడం అవివేకమని, మితిలో ఉన్న సంబంధాన్ని గుర్తించి దాన్ని పోషించడమే ధర్మమని ఈ విచారణ తేల్చే నిర్ణయం.